లైనక్స్ జవాబులు: డేటాబేస్ పని ప్యాకేజీకే వదిలేయొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవుతుంటే మధ్యలో నీలం తెర వచ్చి డేటాబేస్ గురించి ఏదో అడుగుతుంది, ఏం చెప్పాలో తెలీక ఏదో ఒకటి నొక్కేస్తాం, అప్పటికి పని అయిపోతుంది, అప్‌గ్రేడ్ రోజు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి, ఇవాళ దీని మీదే కూర్చున్నాను. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ప్రశ్న: గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ పెట్టి, తర్వాత దాన్ని బ్రౌజర్‌లో చూసుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్ ఇన్‌స్టాల్ చేస్తుంటే ‘డీబీకాన్ఫిగ్-కామన్‌తో డేటాబేస్ కాన్ఫిగర్ చేయమంటారా’ అని అడుగుతోంది. ఎస్ అంటే 1819 అనే ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. ఇంకో మెషీన్లో నో అన్నాను, ఇన్‌స్టాల్ అయింది కానీ మొదటి పేజీలో అడుగున ఒక హెచ్చరిక కనిపిస్తూనే ఉంది. పైగా రూట్ (అడ్మిన్) పేరుతో లాగిన్ అవుదామంటే రానివ్వడం లేదు. అసలు ఎస్ అనాలా, నో అనాలా?

జవాబు: ఎస్ అనండి. డేటాబేస్ సర్వర్ అదే మెషీన్లో ఉండి, దాని మీద మీకే పూర్తి అధికారం ఉంటే నో అనడానికి కారణమే లేదు. కానీ ఎస్ అన్నాక లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి తెలుసుకుంటే మీ మొదటి రెండు ఇబ్బందులూ వాటంతటవే విడిపోతాయి, రూట్ సంగతి చివర్లో చెబుతాను.

డెబియన్ ప్యాకేజీ (ఉబుంటు వాడేదీ ఇదే) అంటే ఫైళ్లు మాత్రమే కాదు, వాటితో పాటు కొన్ని చిన్న స్క్రిప్టులు కూడా వస్తాయి. ఫైళ్లు డిస్కు మీదకి చేరాక డీపీకేజీ (ప్యాకేజీలు పెట్టే, తీసే పనిముట్టు) చివర్లో నడిపే స్క్రిప్టు పేరు పోస్ట్‌ఇన్‌స్ట్. డేటాబేస్ కావాల్సిన ప్రతి ప్యాకేజీకీ ఈ స్క్రిప్టులో చేయాల్సిన పని ఇంచుమించు ఒకటే: సర్వర్‌కి అడ్మిన్‌గా కనెక్ట్ అవ్వాలి, డేటాబేస్ సృష్టించాలి, దానికో యూజర్‌ని పెట్టి అనుమతులు ఇవ్వాలి, టేబుళ్లు లోడ్ చేయాలి, ఆ పేరూ పాస్‌వర్డూ అప్లికేషన్ చదివే ఫైల్లో రాయాలి. ఇదంతా ఎవరి ప్యాకేజీలో వాళ్లు సొంతంగా రాసుకుంటే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, పాస్‌వర్డ్‌లో ఒక కొటేషన్ గుర్తు ఉంటే చాలు, స్క్రిప్టు బోల్తా కొడుతుంది. అందుకని షాన్ ఫినీ అనే డెబియన్ డెవలపర్ ఈ పని మొత్తాన్నీ ఒకచోట చేర్చి డీబీకాన్ఫిగ్-కామన్ రాశారు. 2007లో వచ్చిన డెబియన్ ఎచ్ నాటికే అది ఉంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లన్నిటితోనూ మాట్లాడగలదు. పీహెచ్‌పీమైఅడ్మిన్, రౌండ్‌క్యూబ్, క్యాక్టై, బాక్యులా, రెడ్‌మైన్ లాంటివన్నీ డెబియన్, ఉబుంటుల్లో దీని మీదే ఆధారపడ్డాయి. మీకు ప్రశ్నలు అడిగే ఆ నీలం తెర మాత్రం దీనిది కాదు, అది డెబ్‌కాన్ఫ్ అనే వేరే వ్యవస్థది, డీబీకాన్ఫిగ్ దాని ద్వారా మాట్లాడుతుంది.

మీరు ఎస్ అన్నాక అది పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే పేరుతోనే ఒక డేటాబేస్, అదే పేరుతో ఒక యూజర్ తయారు చేస్తుంది. పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదిలేస్తే తనే ఒకటి కల్పించుకుంటుంది. ఆ వివరాలన్నీ ఈటీసీ అనే సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్లో, డీబీకాన్ఫిగ్-కామన్ ఫోల్డర్ కింద పీహెచ్‌పీమైఅడ్మిన్.కాన్ఫ్ అనే ఫైల్లో రాస్తుంది. రూట్ తప్ప ఎవరూ చదవలేని ఆ ఫైల్ని సుడో (రూట్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి తెరిచి చూడండి: డీబీసీ_డీబీయూజర్, డీబీసీ_డీబీపాస్, డీబీసీ_డీబీనేమ్ అని వరసగా ఉంటాయి. ఇది అసలు ప్రతి. దీన్నుంచి ఇంకో ఫైల్, అంటే పీహెచ్‌పీ చదవగలిగే కాన్ఫిగ్-డీబీ.పీహెచ్‌పీ అనేది, ఈటీసీలోని పీహెచ్‌పీమైఅడ్మిన్ ఫోల్డర్లో తయారవుతుంది. చాలామంది ఈ రెండో ఫైల్లో పాస్‌వర్డ్ మార్చేసి పని అయిందనుకుంటారు. అప్పుడు రెండు ఫైళ్లకీ పొంతన ఉండదు, తర్వాత ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయ్యేటప్పుడు డీబీకాన్ఫిగ్ తన దగ్గరున్న పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతుంది. మార్చాలనుకుంటే సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ పీహెచ్‌పీమైఅడ్మిన్ అని నడిపి, అది అడిగే ప్రశ్నల్లోనే మార్చండి. రెండు చోట్లా అదే సరిచేస్తుంది.

ఇప్పుడు 1819. మీరు మైఎస్‌క్యూఎల్ పెట్టాక సెక్యూర్ ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు నడిపి, పాస్‌వర్డ్ బలం చూసే కాంపోనెంట్‌ని ఆన్ చేసి ఉంటారు. డీబీకాన్ఫిగ్ యూజర్‌ని సృష్టించబోతే ఆ కాంపోనెంట్ అడ్డుపడి, పాస్‌వర్డ్ పాలసీకి సరిపోలేదంటుంది. తెర మీద అబార్ట్, రీట్రై, ఇగ్నోర్ అని వస్తాయి. అబార్ట్ ఎంచుకోండి. ఇగ్నోర్ మాత్రం వద్దు, ఎందుకంటే అది ఎర్రర్‌ని పక్కకి తోసి ప్యాకేజీ సవ్యంగా పెట్టినట్టే రాసుకుంటుంది, డేటాబేస్ మాత్రం ఉండదు. తర్వాత మైఎస్‌క్యూఎల్‌లోకి రూట్‌గా వెళ్లి వ్యాలిడేట్ పాస్‌వర్డ్ కాంపోనెంట్‌ని అన్ఇన్‌స్టాల్ చేయండి, పీహెచ్‌పీమైఅడ్మిన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి, అది పూర్తవగానే కాంపోనెంట్‌ని తిరిగి పెట్టండి. తిరిగి పెట్టడం మర్చిపోవద్దు, అది ల్యాబ్ సర్వర్, పిల్లలు పెట్టే పాస్‌వర్డులు మీకు తెలియనివి కాదు.

అడుగున కనిపించే హెచ్చరిక నో అన్నందువల్ల వచ్చింది. ఆ డేటాబేస్ మీ స్టూడెంట్ల డేటా కోసం కాదు, పీహెచ్‌పీమైఅడ్మిన్ తన సొంత అవసరాలకి వాడుకునేది. బుక్‌మార్కులు, పాత క్వెరీల చరిత్ర, టేబుళ్ల మధ్య సంబంధాలు అక్కడ పెట్టుకుంటుంది. లేకపోయినా మిగతా పనులు జరుగుతాయి, అందుకే హెచ్చరికతో సరిపెట్టింది. దీనికి కూడా పైన చెప్పిన రీకాన్ఫిగర్ కమాండ్ నడిపి ఈసారి ఎస్ అంటే చాలు.

రూట్ లాగిన్‌కీ ఈ ప్రశ్నలకీ సంబంధం లేదు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ రూట్ ఖాతాకి పాస్‌వర్డ్ ఉండదు. మెషీన్లో మీరు నిజంగా రూట్ అయితేనే, సాకెట్ (అదే మెషీన్లోని లోపలి దారి) ద్వారా లోపలికి రానిస్తుంది. వెబ్ పేజీ అపాచీ వెబ్ సర్వర్ ఖాతా మీద నడుస్తుంది కాబట్టి ఆ దారి దానికి మూసేసి ఉంటుంది. ఇంటర్నెట్లో దొరికే సలహాలు చూసి రూట్‌నే పాస్‌వర్డ్ పద్ధతికి మార్చకండి. మీ పేరు మీద వేరే ఖాతా సృష్టించి, అవసరమైన అనుమతులు ఇచ్చి, దానితో లాగిన్ అవ్వండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న ఐటీ సర్వీసు నడుపుతున్నాం. ఒకే రకం సర్వర్లు చాలా సెట్ చేయాలి. ప్రతిదాని ముందూ కూర్చుని ఎస్, నో, పాస్‌వర్డ్ కొట్టడం కుదరదు. ఈ ప్రశ్నలు రాకుండా చేయొచ్చా?

జవాబు: రాకుండా చేయడం కంటే, అడగకముందే జవాబులు ఇచ్చి పెట్టడం మంచిది. డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ అనే కమాండ్ ఉన్నది దానికే. ఒక్కో లైన్లో నాలుగు ముక్కలు రాస్తారు: ప్యాకేజీ పేరు, ప్రశ్న పేరు, రకం, జవాబు. పీహెచ్‌పీమైఅడ్మిన్ ఉదాహరణే తీసుకుంటే, డీబీకాన్ఫిగ్-ఇన్‌స్టాల్ అనే ప్రశ్నకి రకం బూలియన్, జవాబు ట్రూ. మైఎస్‌క్యూఎల్/యాప్-పాస్ అనే ప్రశ్నకి రకం పాస్‌వర్డ్. రీకాన్ఫిగర్-వెబ్‌సర్వర్ అనే దానికి రకం మల్టీసెలెక్ట్, జవాబు అపాచీ2. ఈ పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఒక మెషీన్లో చేత్తో జాగ్రత్తగా ఇన్‌స్టాల్ చేసి, అక్కడ డెబ్‌కాన్ఫ్-షో పీహెచ్‌పీమైఅడ్మిన్ అంటే ఏ ప్రశ్నకి ఏ జవాబు పడిందో మొత్తం కనిపిస్తుంది, పాస్‌వర్డులు తప్ప. దాన్ని చూసి మీ ఫైల్ రాసుకోండి. తర్వాత డెబియన్_ఫ్రంట్‌ఎండ్ అనే వేరియబుల్‌కి నాన్‌ఇంటరాక్టివ్ అని ఇచ్చి ఆప్ట్ (ప్యాకేజీలు తెచ్చి పెట్టే కమాండ్) నడిపితే ఒక్క తెర కూడా రాదు. యాన్సిబుల్ (చాలా సర్వర్లని ఒకేసారి సెట్ చేసే పనిముట్టు) వాడేవాళ్లకి డెబ్‌కాన్ఫ్ అనే మాడ్యూల్ ఉంది, ఇదే పని చేస్తుంది.

చాలామంది చేసేది ఇంకోటుంది: జవాబులేమీ ఇవ్వకుండా నాన్‌ఇంటరాక్టివ్ అని మాత్రం పెట్టడం. అప్పుడు ప్రతి ప్రశ్నకీ ప్యాకేజీ చేసినవాళ్లు పెట్టిన డీఫాల్ట్ జవాబే పడుతుంది. పాస్‌వర్డ్ ఖాళీ అంటే యాదృచ్ఛికంగా ఒకటి తయారవుతుంది. నిజం చెప్పాలంటే అప్లికేషన్ పాస్‌వర్డ్ విషయంలో నాకు నచ్చేది అదే. ఏ మెషీన్‌కి ఆ మెషీన్‌కి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది, మనిషెవరూ దాన్ని తెలుసుకోవాల్సిన పని లేదు, మీ ఫైళ్లలో ఎక్కడా రాసి ఉండదు. అన్ని సర్వర్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి దాన్ని గిట్ రిపోజిటరీలో పడేయడం మాత్రం చేయకండి. పాస్‌వర్డ్ ఇవ్వక తప్పకపోతే ఎకో కమాండ్‌లో నేరుగా కొట్టకండి, షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. అనుమతులు బిగించిన ఫైల్లో పెట్టి చదివించండి, పని అయ్యాక తీసేయండి.

వరస కూడా ముఖ్యం. డేటాబేస్ సర్వర్ వేరే మెషీన్లో ఉండొచ్చు కాబట్టి ఈ అప్లికేషన్లలో చాలావరకు డేటాబేస్ సర్వర్‌ని తప్పనిసరిగా లాక్కురావు. రెండూ ఒకే ఆప్ట్ కమాండ్‌లో ఇస్తే ఏది ముందు సెటప్ అవుతుందో మన చేతిలో ఉండదు, అప్లికేషన్ ముందు వచ్చిందా, అది సర్వర్ కోసం వెతికి లేదని ఏడుస్తుంది. ముందు మరియాడీబీ పెట్టి, నడుస్తోందని చూసుకుని, ఆ తర్వాత రెండో కమాండ్‌గా అప్లికేషన్ పెట్టండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టమన్నారు. డెబియన్‌లో కోహా-కామన్ ఇన్‌స్టాల్ చేశాను, డేటాబేస్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సెటప్ పేజీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను ఏదీ పెట్టలేదు కదండీ, ఏం కొట్టాలి?

జవాబు: కోహా వాళ్లు వేరే దారి ఎంచుకున్నారు, నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. ఒకే మెషీన్లో కాలేజీ లైబ్రరీ, స్కూల్ లైబ్రరీ, పబ్లిక్ లైబ్రరీ అని వేర్వేరు కోహాలు నడపొచ్చు, అలాంటప్పుడు ప్యాకేజీ పెట్టిన క్షణంలో ఏ డేటాబేస్ సృష్టించాలి, ఎన్ని సృష్టించాలి? డీబీకాన్ఫిగ్ ఒక ప్యాకేజీకి ఒక డేటాబేస్ అనే లెక్కలో బాగా పనిచేస్తుంది, ఇక్కడ ఆ లెక్క కుదరదు. అందుకే ప్యాకేజీ పనిముట్లు మాత్రమే ఇస్తుంది, డేటాబేస్ పని కోహా-క్రియేట్ అనే కమాండ్ చేస్తుంది.

మీరు ఇప్పటికే సుడో కోహా-క్రియేట్ --క్రియేట్-డీబీ లైబ్రరీ అని నడిపి ఉంటారు, లేకపోతే ఆ పేజీ వచ్చేదే కాదు. చివర్లో రాసిన లైబ్రరీ అనేది మీరు పెట్టుకునే పేరు. ఆ ఒక్క కమాండ్‌తో కోహా_లైబ్రరీ అనే డేటాబేస్, అదే పేరుతో యూజర్, ఒక యాదృచ్ఛిక పాస్‌వర్డ్, అపాచీ సైట్ ఫైలు అన్నీ వచ్చేస్తాయి. మీరు వెతుకుతున్న పాస్‌వర్డ్ ఈటీసీలో కోహా, అందులో సైట్స్, అందులో లైబ్రరీ ఫోల్డర్లో ఉన్న కోహా-కాన్ఫ్.ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంది. కిందికి వెళ్తే యూజర్ అనే ట్యాగ్, దాని కిందే పాస్ అనే ట్యాగ్ కనిపిస్తాయి. లేదా సుడో కోహా-పాస్‌డబ్ల్యుడీ లైబ్రరీ అంటే నేరుగా చూపిస్తుంది. యూజర్ నేమ్ కోహా_లైబ్రరీ. ఇది సెటప్ పూర్తి చేయడానికి వాడే ఖాతా, రోజూ పుస్తకాలు ఇష్యూ చేయడానికి కాదు. సెటప్ చివర్లో సిబ్బంది కోసం వేరే ఖాతా సృష్టించమంటుంది, కౌంటర్ దగ్గర అదే వాడండి.

మీ కాలేజీలో డేటాబేస్ సర్వర్ వేరే మెషీన్లో ఉంటే --క్రియేట్-డీబీ బదులు --రిక్వెస్ట్-డీబీ అని ఇవ్వండి, అది ఆ సర్వర్ చూసుకునేవాళ్లకి ఇవ్వాల్సిన వివరాలు రాసి పెడుతుంది, వాళ్లు డేటాబేస్ చేసి ఇచ్చాక --పాప్యులేట్-డీబీ అని నడపాలి. ఇంకో మంచి సంగతి, కోహా-కామన్ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఆ మెషీన్లో ఉన్న అన్ని లైబ్రరీల టేబుళ్లనీ ప్యాకేజీయే కొత్త వెర్షన్‌కి మారుస్తుంది. అందుకని అప్‌గ్రేడ్‌కి ముందు కోహా-డంప్ లైబ్రరీ నడిపి, ఆ ఫైల్ వార్, స్పూల్, కోహా కింద పడిందో లేదో కళ్లారా చూసి, ఇంకో మెషీన్‌కి కాపీ చేసుకోండి. రోజూ బ్యాకప్ తీసే ఏర్పాటు ప్యాకేజీలో ఉంది కానీ అది కొద్ది రోజులవే ఉంచి పాతవి తీసేస్తుంది, పైగా అదే డిస్కు మీద పెడుతుంది. ఏళ్ల తరబడి కూర్చుని ఎక్కించిన పుస్తకాల వివరాలు అవి. డిస్కు పోతే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సింది మీరే.

ప్రశ్న: బెంగళూరులో మా ఆఫీసుకి రౌండ్‌క్యూబ్ మెయిల్ పెడుతున్నాను, పోస్ట్‌గ్రెస్ మీద. ఇన్‌స్టాల్ బాగానే అయింది కానీ వెబ్ పేజీ తెరిస్తే ‘పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని లాగ్‌లో వస్తోంది.

జవాబు: కనెక్షన్ పద్ధతి అడిగినప్పుడు యూనిక్స్ సాకెట్ ఎంచుకున్నట్టున్నారు. డెబియన్ పోస్ట్‌గ్రెస్‌లో సాకెట్ ద్వారా వచ్చేవాళ్లని పీర్ పద్ధతిలో చూస్తుంది, అంటే మెషీన్లో మీ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటే కావాలి. రౌండ్‌క్యూబ్ పేజీని నడిపేది డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా అనే యూజర్, డేటాబేస్‌లో పేరు రౌండ్‌క్యూబ్, రెండూ కలవవు. డీపీకేజీ-రీకాన్ఫిగర్ రౌండ్‌క్యూబ్-కోర్ నడిపి, ఈసారి టీసీపీ/ఐపీ అని, ఆథెంటికేషన్ దగ్గర పాస్‌వర్డ్ అని ఎంచుకోండి. పోస్ట్‌గ్రెస్‌లోకి ఎవరు ఎలా రావొచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైల్లో పీర్ అన్నచోట ట్రస్ట్ అని మార్చమని ఎవరైనా చెబితే వినకండి, అలా చేస్తే మెషీన్లో ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా ఎవరి పేరుతోనైనా లోపలికి వచ్చేస్తారు.

ప్రశ్న: డాకర్ (ప్రోగ్రామ్‌ని కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే పద్ధతి) ఇమేజ్ బిల్డ్ చేసేటప్పుడు ఇలాంటి ప్యాకేజీలు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతున్నాయి. మామూలు సర్వర్ మీద బాగానే ఉన్నాయి.

జవాబు: బిల్డ్ జరిగేటప్పుడు డేటాబేస్ సర్వర్ నడవదు. డెబియన్ అధికారిక ఇమేజ్‌లో పాలసీ-ఆర్‌సీ.డీ అనే ఫైల్ ఉంటుంది, ఇన్‌స్టాల్ అయ్యే సర్వీసుల్ని అప్పుడే మొదలుపెట్టొద్దని చెప్పడమే దాని పని. సర్వర్ లేకపోతే డీబీకాన్ఫిగ్ ఎవరితో మాట్లాడుతుంది? ఇక్కడ స్పష్టంగా నో అనండి. డీబీకాన్ఫిగ్-ఇన్‌స్టాల్ జవాబు ఫాల్స్ అని ముందే పెట్టండి, లేదా డీబీకాన్ఫిగ్-నో-థ్యాంక్స్ అనే ప్యాకేజీ ఉంది, దాన్ని పెడితే డీబీకాన్ఫిగ్ వాడే ఏ ప్యాకేజీ వచ్చినా డేటాబేస్ జోలికి వెళ్లదు. డేటాబేస్ వేరే కంటెయినర్లో పెట్టి, మరియాడీబీ ఇమేజ్‌కి డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ వేరియబుల్స్‌గా ఇస్తే మొదటిసారి లేచినప్పుడు అదే సృష్టించుకుంటుంది. డేటా ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే సృష్టిస్తుంది, తర్వాత మీరు వేరియబుల్స్ మార్చినా పట్టించుకోదు. అలా నో అన్నాక టేబుళ్ల అప్‌గ్రేడ్ బాధ్యత కూడా పూర్తిగా మీదే, గుర్తుంచుకోండి. ఇన్‌స్టాల్‌కి నో అని, అప్‌గ్రేడ్‌కి ఎస్ అని కలగాపులగం చేసినచోటే ఎక్కువ సర్వర్లు చెడిపోవడం చూశాను. పూర్తిగా ప్యాకేజీకి ఇచ్చేయండి, లేదా పూర్తిగా మీరే ఉంచుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, ఇంట్లో ఒక చిన్న డెబియన్ సర్వర్ ఉంది. క్యాక్టై అనే నెట్‌వర్క్ గ్రాఫుల సాఫ్ట్‌వేర్ తీసేద్దామనుకుంటున్నాను, పర్జ్ (సెట్టింగులతో సహా తీసేసే కమాండ్) కొడితే డేటాబేస్ కూడా పోతుందేమోనని భయం. అలాగే అప్‌గ్రేడ్‌లో డేటా పాడైతే వెనక్కి తెచ్చుకునే దారి ఉందా?

జవాబు:  పర్జ్ అంటే డేటాబేస్ తీసేయమంటారా అని విడిగా అడుగుతుంది, నో అంటే ఉంచుతుంది. ఆ తెర కనిపించగానే ఎంటర్ నొక్కే అలవాటు ఉంటే మాత్రం చేయి ఆపుకోండి. ఏ జవాబు ఇవ్వబోతున్నా ముందు ఒక డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి పక్కన పెట్టుకోండి.

అప్‌గ్రేడ్ సంగతి: ఏ వెర్షన్‌కి ఏ మార్పు చేయాలో ప్యాకేజీలో విడివిడి ఫైళ్లుగా ఉంటాయి, మీ పాత వెర్షన్ తర్వాత వచ్చినవి మాత్రమే వరసగా నడుస్తాయి. వాటికి ముందు డీబీకాన్ఫిగ్ డేటాబేస్‌ని బ్యాకప్ తీసి వార్, క్యాష్, డీబీకాన్ఫిగ్-కామన్, బ్యాకప్స్ ఫోల్డర్లో పెడుతుంది. అది క్యాష్ ఫోల్డర్, స్థలం ఖాళీ చేద్దామని క్యాష్ మొత్తం ఊడ్చేసేవాళ్లు ఉన్నారు, కాబట్టి పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత ఆ ఫైల్ని హోమ్‌లోకి కాపీ చేసుకోండి.

ప్రశ్న: మేం ఫెడోరా వాడతాం. ఇక్కడ ఇలాంటి ప్రశ్నలేవీ రావు. పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేస్తే స్టార్ట్ కూడా కావడం లేదు, ఏదైనా మిస్ చేస్తున్నామా?

జవాబు: మిస్ కాలేదు. ఆర్‌పీఎం (ఫెడోరా వాడే ప్యాకేజీ పద్ధతి) ప్రపంచంలో ఇన్‌స్టాల్ మధ్యలో మనిషిని ప్రశ్నలు అడగకూడదనేది పద్ధతి. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టగానే మెయిన్ అనే క్లస్టర్ (డేటాబేస్‌లన్నీ ఉండే చోటు) తయారై నడుస్తుంటుంది. ఫెడోరాలో మీరే సుడో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-సెటప్ --ఇనిట్‌డీబీ అని నడపాలి, ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తో సర్వీసుని ఎనేబుల్ చేసి స్టార్ట్ చేయాలి. అప్లికేషన్ డేటాబేస్, యూజర్, అనుమతులు కూడా మీరే చేసుకోవాలి, యాన్సిబుల్‌లో పోస్ట్‌గ్రెస్‌కీ మైఎస్‌క్యూఎల్‌కీ మాడ్యూళ్లున్నాయి కాబట్టి ఒకసారి ప్లేబుక్ రాసుకుంటే అన్ని మెషీన్లకీ అదే నడుస్తుంది. ఎక్కువ సర్వర్లు చూసుకునేవాళ్లకి ఈ పద్ధతే హాయిగా ఉంటుంది, మీకు తెలియకుండా ఏ సర్వీసూ లేవదు. ఒక్క మెషీన్ పెట్టుకుని త్వరగా పని మొదలుపెట్టాలనుకునే కాలేజీకో, లైబ్రరీకో అయితే నేను ఇప్పటికీ డెబియన్ దారే చెబుతాను.